కాటన్ దొర ఇంటిపేరుకు, పత్తికి ఏమైనా సంబంధం ఉందా?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్తాను. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూస్తుంటే పక్కనున్న పెద్దాయన ఒకరు "వీళ్ల పూర్వీకులు పత్తి వర్తకులు, అందుకే కాటన్ అనే పేరు వచ్చింది" అన్నారు. మీరు ఇంటికి వచ్చి వెతికితే ఆ వంశం వారి ముద్రలో, అంటే వంశ చిహ్నంలో, నిజంగానే మూడు నూలు చిలపలు (మెలిపెట్టి కట్టిన నూలు కట్టలు) కనిపించాయి. కాబట్టి పెద్దాయన చెప్పింది నిజమేనా అని అడిగారు. ఇంగ్లండులో ఈ ఇంటిపేరు ఉన్నవాళ్లంతా ఒకే కుటుంబమా అన్నది మీ రెండో ప్రశ్న.

రెండింటికీ జవాబు ఒకటే: కాదు. కాటన్ అనే ఇంటిపేరు పత్తి నుంచి రాలేదు, గుడిసెల నుంచి వచ్చింది. అది ఒక ఊరి పేరు. ఆ పేరుతో ఇంగ్లండులో ఒకటి కాదు, చాలా ఊళ్లున్నాయి.

నేను భాషాశాస్త్రం చదివినవాణ్ని కాను. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు పూర్వీకుల రికార్డులు వెతికిపెట్టడం పదిహేనేళ్లుగా నా పని. ఆ పనిలో ఇంగ్లీషు ఇంటిపేర్లతో రోజూ కుస్తీ పట్టాల్సి వస్తుంది. కాబట్టి నేను చెప్పేది ఆ అనుభవం మేరకే.

పాత ఇంగ్లీషులో 'కొట్' అంటే చిన్న ఇల్లు, గుడిసె, పాక. ఇప్పటి 'కాటేజ్' అనే మాటకు మూలం కూడా ఇదే. ఆ రోజుల్లో ఇంగ్లీషులో మన తెలుగులాగే నామవాచకాల చివర విభక్తి ప్రత్యయాలు చేరేవి. 'గుడిసెల దగ్గర' అని చెప్పాలంటే 'కొటుమ్' అనేవారు. నాలుగు పాకలు వేసుకుని జనం ఉండే చోటును "ఎక్కడుంటావు?" "కొటుమ్" అని చెప్పుకుంటూ పోగా, ఆ విభక్తి రూపమే ఊరి పేరుగా గడ్డకట్టింది. తరాలు గడిచేసరికి చివరి 'ఉమ్' కాస్తా 'ఆన్', 'ఎన్' అయింది. కొటుమ్ కోటన్ అయింది, కొన్నిచోట్ల కాటన్ అయింది. ఉత్తరాన యార్క్‌షైర్‌లో కోథమ్ అనే ఊరిపేరులో ఆ పాత 'మ్' ఇప్పటికీ మిగిలే ఉంది.

ఇది మనకు కొత్తగా అనిపించాల్సిన విషయం కాదు. వేటూరు నుంచి వచ్చినవాళ్లు వేటూరి వారు, నండూరు నుంచి వచ్చినవాళ్లు నండూరి వారు, గుడిపాడు నుంచి వచ్చినవాళ్లు గుడిపాటి వారు. బళ్లో ఔపవిభక్తికాలు అని చదువుకున్నాం కదా, ఆ 'ఇ', 'టి'లే మన ఇంటిపేర్ల చివర కూర్చున్నాయి. ఒక్కటే తేడా. ప్రత్యయం మనకు ఊరి పేరును ఇంటిపేరుగా మార్చేటప్పుడు చేరింది, వాళ్లకు అంతకుముందే, ఊరికి పేరు పెట్టేటప్పుడే చేరింది.

ఇంకా దగ్గరి పోలిక కావాలంటే ప్రత్తిపాటి వారిని చూడండి. ఆ ఇంటిపేరు వినగానే పత్తి వ్యాపారం చేశారని ఎవరైనా అంటే మనం నవ్వుతాం. ప్రత్తిపాడు అనే ఊరి నుంచి వచ్చారు, అంతే. పోనీ ఏ ప్రత్తిపాడు? గుంటూరు జిల్లాలో ఒకటుంది, కాకినాడ జిల్లాలో ఇంకొకటి ఉంది. పేరు ఒక్కటే చూసి చెప్పలేం. కాటన్ విషయంలో కూడా చిక్కు అచ్చంగా ఇదే. స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్ ఉంది. కేంబ్రిడ్జ్ పక్కన కోటన్ ఉంది. డెర్బీషైర్‌లో 'కోటన్ ఇన్ ది ఎల్మ్స్' ఉంది. సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నాను, బ్రిటన్‌లో సముద్రానికి అన్నిటికన్నా దూరంగా ఉన్న స్థలం ఈ చివరి ఊరి పక్కనున్న ఒక పొలమేనని లెక్క తేల్చారు. సముద్రంలోకి వృథాగా పోయే గోదావరిని ఆపిన మనిషి ఇంటిపేరు, సముద్రపు గాలి సోకని ఊరి పేరు ఒకటే కావడం చూసి నాకైతే నవ్వొచ్చింది. అయితే దొరగారి వంశం ఆ ఊరిది కాదు.

మరి పత్తి అనే అర్థంలో 'కాటన్' ఎక్కడిది? అది పూర్తిగా వేరే మాట. అరబ్బీలో పత్తిని 'కుత్న్' అంటారు. అది ఫ్రెంచి వాళ్ల నోట 'కొటోన్' అయి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. అరబ్బుల గుడారం నుంచి వచ్చిన మాట, ఇంగ్లీషు పల్లెలోని పాక నుంచి వచ్చిన మాట ఒకే ఉచ్చారణకు చేరాయి. 'కాటన్ చీర', 'కాటన్ దొర' అని మనం ఒకే తీరుగా రాస్తాం కాబట్టి అయోమయం ఇంకాస్త పెరిగింది.

ఇంకో తమాషా కూడా ఉంది. మంచం అనే అర్థంలో ఇంగ్లీషువాళ్లు వాడే 'కాట్' ఈ రెండింటిలో దేనికీ చుట్టం కాదు. అది మన దేశం నుంచే వెళ్లింది, హిందీ 'ఖాట్'. అలాగే 'కొట్', మన 'కొట్టం' ఒకేలా వినిపిస్తున్నాయి కదా అని ఎవరైనా ఉత్సాహపడితే, దయచేసి అక్కడే ఆగండి. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. మీకు పెద్దాయన చెప్పిన కథ కూడా అలా పుట్టిందే.

పత్తి కాదని ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకా రెండు కారణాలున్నాయి. పాత పత్రాల్లో ఈ పేరు ముందు 'ద' అనే ఫ్రెంచి మాట కనిపిస్తుంది. 'హ్యూ ద కాటన్' అంటే కాటన్ ఊరి హ్యూ. సరుకు పేరు ముందు అది రాదు, స్థలం పేరు ముందే వస్తుంది. రెండోది, ఇంగ్లండులో వృత్తి నుంచి వచ్చిన ఇంటిపేర్లలో చాలావాటి చివర పనివాణ్ని చూపే గుర్తు ఉంటుంది. వీవర్ నేసేవాడు, డయ్యర్ రంగు అద్దేవాడు, ఫుల్లర్ ఉన్ని బట్టను తొక్కి గట్టిపరిచేవాడు. ఆ లెక్కన కాటన్‌కు అలాంటి తోక ఏదీ లేదు. పైగా అక్కడ ఇంటిపేర్లు స్థిరపడిన 13, 14 శతాబ్దాల నాటికి పత్తి ఇంకా దిగుమతి సరుకే, ప్రధానమైన నేత ఉన్నిది. 16వ శతాబ్దంలో మాంచెస్టర్‌లో 'కాటన్లు' అని అమ్మినవి కూడా నిజానికి నూగు లేపిన ఉన్ని బట్టలే! పాత పత్రంలో ఆ మాట కనిపించగానే పత్తి అనుకుంటే బట్ట విషయంలో కూడా మోసపోతాం.

ఇక నూలు చిలపల సంగతి. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చినది ఇదే, ఎందుకంటే మీరు చూసింది అబద్ధం కాదు. దొరగారి వంశమైన కాంబర్‌మియర్ కాటన్‌ల ముద్రలో నీలం నేల మీద ఇంటికప్పు ఆకారంలో ఒక వెండి పట్టె, దాని చుట్టూ మూడు వెండి నూలు చిలపలు ఉన్న మాట నిజమే. మరి గుడిసెల వంశానికి చిలపలెందుకు?

ఎందుకంటే అది శ్లేష. ఐరోపాలో వంశ ముద్రలు గీసేవాళ్లకు పేరుతో ఆడుకోవడం మహా సరదా. పేరుకు అసలు అర్థం ఏదైనా సరే, చెవికి ఏమని వినిపిస్తుందో ఆ బొమ్మ వేసేస్తారు. షేక్‌స్పియర్ కుటుంబానికి 1596లో మంజూరైన ముద్రలో బల్లెం ఉంది, ఎందుకంటే పేరులో 'స్పియర్' ఉంది. ఆక్స్‌ఫర్డ్ నగర ముద్రలో ఎద్దు ఏరు దాటుతూ ఉంటుంది. అక్కడ శ్లేషతో పాటు అర్థం కూడా కలిసింది, ఆ ఊరిపేరుకు ఎద్దుల రేవు అనే అర్థం. కాటన్‌ల విషయంలో శ్లేష ఒక్కటే ఉంది. కాటన్ అని వినిపించింది, చిలపలు వేశారు. అందరు కాటన్‌లూ ఈ పని చేయలేదు కూడా. కేంబ్రిడ్జ్ వైపు లాండ్‌వేడ్ కాటన్‌ల ముద్రలో చిలపలు లేవు, గద్ద ముక్కున్న గ్రిఫిన్ అనే కల్పిత జంతువు తలలు మూడున్నాయి.

కాబట్టి ముద్ర చూసి పేరుకు అర్థం చెప్పడం అంటే, శ్లేష పద్యం చదివి కవిగారి జాతకం చెప్పడం లాంటిది. పనిలో పనిగా ఇంకో మాట. ఇంటిపేరు చెప్తే చాలు, 'మీ వంశ ముద్ర' అంటూ చట్రం కట్టి అమ్మే దుకాణాలున్నాయి. ఇంగ్లండులో ముద్ర ఇచ్చేది వ్యక్తికి, అది అతని సంతతికి దక్కుతుంది. ఆ ఇంటిపేరున్న ప్రతివాడిదీ కాదు. డబ్బు తగలేయకండి.

ఇప్పుడు దొరగారి వంశానికి వద్దాం. సర్ ఆర్థర్ కాటన్ 1803 మే 15న పుట్టారు. తండ్రి హెన్రీ కాల్వ్‌లీ కాటన్, ఆయనది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వుడ్‌కోట్. ఆర్థర్ ఆయనకు పదో కొడుకు. వుడ్‌కోట్ అనే పేరు విప్పితే ఏముందో చూడండి: 'వుడ్' అంటే అడవి, 'కోట్' అంటే మళ్లీ అదే పాత గుడిసె. గుడిసెల వారు అడవి గుడిసెలో కాపురం ఉన్నారన్నమాట!

హెన్రీ గారి తండ్రి సర్ లించ్ సాల్స్‌బరీ కాటన్, చెషైర్ సరిహద్దులోని కాంబర్‌మియర్ యజమాని. అది ఒకప్పుడు క్రైస్తవ సన్యాసుల మఠం. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలను రద్దు చేసినప్పుడు దాన్ని సర్ జార్జ్ కాటన్‌కు ఇచ్చారు. అంతకుముందు ఆ వంశం ష్రాప్‌షైర్‌లో వెమ్ పట్టణం దగ్గరి కోటన్ అనే ఊళ్లో ఉండేది. దొరగారి ఇంటిపేరు పుట్టిన గుడిసెలు అవి. 1826 జనవరిలో భరత్‌పూర్ కోటను పట్టుకున్న సేనాని లార్డ్ కాంబర్‌మియర్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన అసలు పేరు స్టేపుల్‌టన్ కాటన్, మన దొరగారికి పెద్దనాన్న కొడుకు. ఒకే మఠం ఇంటి మనవళ్లలో ఒకరు కోట కూల్చారు, ఇంకొకరు ఆనకట్ట కట్టారు.

కాటన్‌కు ముందున్న ఆ పేర్లను గమనించారా? స్టేపుల్‌టన్ అన్నది లార్డ్ గారి తల్లి పుట్టింటి పేరు. సాల్స్‌బరీ, కాల్వ్‌లీ కూడా పెళ్లిళ్ల ద్వారా వచ్చిన ఇంటిపేర్లే. ఆస్తి తెచ్చిన కోడలి పుట్టింటి పేరును పిల్లలకు తగిలించడం వాళ్ల పెద్దింటి ఆనవాయితీ. నా పనిలో ఇది బంగారం. నడిమి పేరు వింతగా ఉంటే ముందు అమ్మమ్మ, నాయనమ్మల పుట్టిళ్లు వెతుకుతాను. అమెరికాలో 1663లో పుట్టిన మతబోధకుడు కాటన్ మేథర్‌కు కాటన్ అన్నది మొదటి పేరు. అది కూడా తల్లి తండ్రి జాన్ కాటన్ నుంచి వచ్చిందే.

అందరూ ఒకే కుటుంబమా అన్న ప్రశ్నకు నా సొంత పొరపాటే జవాబు చెప్తుంది. పని మొదలుపెట్టిన కొత్తలో ఒకరికి నోటు రాసిస్తూ, 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన సర్ హెన్రీ కాటన్ మన దొరగారి బంధువు అని రాసేశాను. నా తర్కం ఏమిటంటే, హెన్రీ 1845లో కుంభకోణంలో పుట్టారు. ఆర్థర్ అంతకు కొన్నేళ్ల ముందే అక్కడికి దగ్గర్లో కొల్లిడం అనే కావేరి పాయ మీద ఆనకట్టలు కట్టారు. ఇద్దరివీ మద్రాసుతో ముడిపడిన కుటుంబాలే. ఇంకేం కావాలి అనుకున్నాను. తీరా వంశక్రమం తీస్తే హెన్రీ గారు ఈస్టిండియా కంపెనీ నౌకల కెప్టెన్ జోసెఫ్ కాటన్ మునిమనవడు. ఆ జోసెఫ్ తండ్రి నథానియల్ వైద్యుడు, కవి. కాంబర్‌మియర్ శాఖ కాదు. నోటు వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పుకున్నాను. ఇంటిపేరు ఒకటి, ప్రాంతం ఒకటి, కాలం ఒకటి అయినా సరే, తండ్రి పేరు దొరికే వరకు చుట్టరికం కలపకూడదని ఆ రోజు బుద్ధి వచ్చింది.

దీనికన్నా గట్టి ఉదాహరణ 'బాయ్‌కాట్'. ఆ మాట చివర ఉన్నది కూడా మన గుడిసే. ఇంగ్లండులో బాయ్‌కాట్ అనే ఊళ్లున్నాయి, పేరుకు అర్థం 'బోయా అనేవాడి గుడిసె'. 1880లో ఐర్లండులోని మేయో ప్రాంతంలో జమీందారు ఏజెంటుగా ఉన్న కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్‌ను కౌలుదార్లు వెలివేయడంతో ఆయన ఇంటిపేరు ప్రపంచమంతటా క్రియాపదం అయింది. మనం సైమన్ కమిషన్ మీద వాడింది ఆ మాటే. అయితే ఆ కెప్టెన్ గారి కుటుంబం ఆ గుడిసె ఊరిది కాదు. వాళ్లు ఫ్రాన్స్ నుంచి వచ్చి స్థిరపడిన ప్రొటెస్టెంట్ల సంతతి అని చెప్తారు. పేరును 'బాయ్‌క్యాట్' అని రాసుకునేవారు, 1841లో బాయ్‌కాట్‌గా మార్చుకున్నారు. అంటే ఇంటిపేరు చరిత్ర వేరు, ఆ పేరు పెట్టుకున్న కుటుంబం చరిత్ర వేరు. నిఘంటువు మొదటిదే చెప్తుంది. రెండోది రికార్డుల్లో వెతుక్కోవాల్సిందే.

ఈ గుడిసె కుటుంబంలో ఇంకా చాలా పేర్లున్నాయి. ప్రెస్కాట్ పూజారి గుడిసె, వెస్ట్‌కాట్ పడమటి గుడిసె, కాల్డికాట్ చలి గుడిసె. వెస్టిండీస్ క్రికెటర్ క్లైడ్ వాల్కాట్ ఇంటిపేరు వెల్ష్‌వాళ్ల గుడిసె. తాతగారు అచ్చాఫీసులో పనిచేశారు కాబట్టి ప్రెస్కాట్ అనే పేరు 'ప్రెస్' నుంచి వచ్చిందని నమ్మిన కుటుంబం ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఆ అమ్మగారికి పూజారి సంగతి చెప్తే కాసేపు నమ్మలేదు, తర్వాత పడీ పడీ నవ్వారు.

మీ స్నేహితులెవరికైనా ఇలాంటి పేరుండి వెతకాలనుకుంటే ఒక్క సలహా ఇస్తాను. పేరు అర్థంతో మొదలుపెట్టకండి, తెలిసిన తాతతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో 'ఎన్/2' అనే వరుసలో ఉన్నాయి. ఇంగ్లండు వరకు వెళ్లగలిగితే అక్కడి చర్చి రిజిస్టర్లు 1538 నుంచి మొదలవుతాయి, కానీ అన్ని ఊళ్లలో అంత పాతవి మిగల్లేదు.

వెతికేటప్పుడు అక్షరాలతో జాగ్రత్త. పాత చేతిరాతలో గుమాస్తా కలం తొందరలో ఉంటే 'టి' మీద అడ్డగీత పడదు, అప్పుడది అచ్చం 'ఎల్' లాగే కనిపిస్తుంది. విశాఖపట్నం కుటుంబం ఒకదానికి ముత్తాత బాప్తిస్మం రెండేళ్లు దొరకలేదు. చివరికి చూస్తే, సూచిక తయారు చేసినవారు కాటన్‌ను కోల్టన్ అని చదివారు. నేను ఆ పుటను పెద్దది చేసి చూశాను. రెండు 'టి'లలో రెండోదానికే గీత ఉంది, అది కూడా పక్క అక్షరం మీదికి జారిపోయింది. కోల్టన్ అనే ఇంటిపేరు నిజంగానే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

బ్రిటిష్ లైబ్రరీ అన్నాను కదా, అక్కడ ఇంకో కాటన్ ఉన్నాడు. 1571లో పుట్టిన సర్ రాబర్ట్ కాటన్ జీవితమంతా చేతిరాత గ్రంథాలు సేకరించాడు. ఒక్కో బీరువా మీద ఒక్కో శిల్పం, ఎక్కువగా రోమన్ చక్రవర్తులవి, పెట్టి, ఆ పేర్లతోనే పుస్తకాలకు గుర్తులు వేశారు. పాత ఇంగ్లీషులోని మహాకావ్యం బేవుల్ఫ్‌కు మిగిలిన ఒకే ఒక్క ప్రతి 'విటెల్లియస్' బీరువాలోది. 1731లో ఆ గ్రంథాలున్న భవనం అంటుకుంటే అంచులు కాలి బయటపడింది. 'కొట్' అనేది సజీవమైన మాటగా ఉన్న భాషను మనదాకా తెచ్చినవాళ్లలో కాటన్ ఒకడు కావడం భలే కుదిరింది.

మీ పెద్దాయన మాటలో ఒక పాలు నిజం ఉందేమో అని కూడా చూశాను. కాటన్ దొరకు పత్తితో సంబంధం ఉంది, కానీ ఇంటిపేరులో కాదు. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక, గోదావరిని ఎగువ దాకా పడవల దారి చేయాలని ఆయన పట్టుబట్టారు. నాగపూర్, బేరార్ పత్తిని నది మీదుగా కోస్తాకు దించాలన్నది ఆ ఆలోచనలో పెద్ద భాగం. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైర్ మిల్లులకు పత్తి కరువై, ఆ పథకానికి ఊపు వచ్చింది. నదిలో రాతి అడ్డంకుల దగ్గర ఆనకట్టలు, లాకులు, కాలువలు మొదలుపెట్టారు. ఖర్చు పెరిగి, రైళ్లు వచ్చి, 1871లో వదిలేశారు. ఈసారి భద్రాచలం వైపు వెళ్తే దుమ్ముగూడెం దగ్గర ఆగండి. అక్కడి పాత ఆనకట్టను కట్టింది పొలాల కోసం కాదు, ఆ పడవల కోసం.